ఆఖరి స్టాకు బండి

పట్టుచీరల కొట్లో "ఇదే ఆఖరి పీసమ్మా, మళ్లీ ఈ రంగు రాదు" అంటే నేను నవ్వేసి లేచి వచ్చేస్తాను. పాతికేళ్లుగా ఆ మాట వింటున్నాను. ఆ రంగు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. కానీ కార్ల విషయంలో ఆ మాట నిజమయ్యే రోజులు కొన్ని ఉంటాయి. ప్రభుత్వం ఒక తేదీ పెడుతుంది, లేదా కంపెనీయే ఇక తయారు చెయ్యమంటుంది. అప్పుడు ఇంట్లో వాళ్లు రెండు జట్లైపోతారు. ఇప్పుడే కొనేద్దాం అనే జట్టు, ఆగిపోయేది కొని ఏం చేస్తాం అనే జట్టు. మా కాట్రేనికోన ఇంట్లో ఈ గొడవ 2020 మొదట్లో జరిగింది. డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలి కూతురి ఇంట్లో మొన్న 2025 ఆగస్టులో జరిగింది.

అది ఫోన్ చేసి, "పెద్దమ్మా, మీరు ఆగిపోయే బండి కొన్నారు కదా, ఐదేళ్లయింది కదా, ఎలా ఉంది? నిజం చెప్పు" అంది. వాళ్లు చూస్తున్నది ఫోర్డ్ ఎస్కేప్, అందులో ప్లగ్-ఇన్ హైబ్రిడ్. ఎస్‌యూవీల్లో ధర కాస్త అందుబాటులో ఉన్నదట. అది తయారైన లూయీవిల్ ఫ్యాక్టరీని కొత్త ఎలక్ట్రిక్ ట్రక్కు కోసం మార్చేస్తున్నారు కాబట్టి ఎస్కేప్ ఇక రాదు. పైగా ఆ దేశంలో ఎలక్ట్రిక్ బళ్లకీ ప్లగ్-ఇన్ బళ్లకీ ఇచ్చిన 7,500 డాలర్ల వరకు పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. జులై 4న సంతకమైన చట్టంలో ఆ ముక్క ఉంది. ఒకవైపు మోడల్ ఆగిపోవడం, ఇంకోవైపు రాయితీ ఆగిపోవడం. పిల్లకి నిద్ర పట్టడం లేదు.

దానికి ఫోన్లో చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కార్లకి వంటింటి మనిషి సలహా ఏంటని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. మా ఇంట్లో బండి లెక్క మొదట్నుంచీ నా పుస్తకంలోనే ఉంది.

ముందు ఈ హైబ్రిడ్ అన్న మాట సంగతి. షోరూముల్లో ఇంగ్లీషు ముక్కలు నాలుగు చెప్పి వదిలేస్తారు కానీ, అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదండి. పిండి రుబ్బుతున్నప్పుడు ఒకరు పొత్రం తిప్పుతారు, పక్కన కూర్చున్న పిల్ల పిండి ఎగదోస్తుంది. ఆ పిల్ల ఒక్కతే రుబ్బలేదు, కానీ సాయం ఉంటే పని తేలికవుతుంది. అది మైల్డ్ హైబ్రిడ్. మారుతీ వాళ్లు దాన్ని స్మార్ట్ హైబ్రిడ్ అన్నారు. ఇద్దరు ఆడవాళ్లు ఒకే రోట్లో రెండు రోకళ్లతో దంచుతారు చూడండి, ఒకరు అలిసిపోతే రెండో ఆవిడ కాసేపు ఒక్కతే దంచేస్తుంది. అది స్ట్రాంగ్ హైబ్రిడ్. గ్రాండ్ విటారా, హైరైడర్ లాంటివి 2022లో ఆ పద్ధతిలో వచ్చాయి. ఇక ప్లగ్-ఇన్ అంటే ఇంట్లో ఇన్వర్టరూ జనరేటరూ రెండూ ఉన్నట్టు. రాత్రి గోడకి ప్లగ్గు పెట్టి బ్యాటరీ నింపుకుంటారు, పొద్దున్న దాని మీదే తిరుగుతారు, అది అయిపోతే పెట్రోలు ఇంజను అందుకుంటుంది. మా పిల్ల చూసిన ఎస్కేప్ ఒక ఛార్జింగ్‌కి 37 మైళ్లు, అంటే దాదాపు అరవై కిలోమీటర్లు కరెంటు మీద నడుస్తుందని అక్కడి ప్రభుత్వ సంస్థ లెక్క. మా కాట్రేనికోన నుంచి కాకినాడ కూడా రమారమి అంతే.

మన దేశంలో ప్లగ్-ఇన్ బళ్లు వోల్వో, బీఎండబ్ల్యూ లాంటి వాళ్లవే వచ్చాయి, ధరలు కోటి చుట్టుపక్కల. మధ్యతరగతి వాళ్లకి అందే ప్లగ్-ఇన్ ఎవరూ తేలేదు. మనకి అందిన హైబ్రిడ్ అంటే ఆ పిండి ఎగదోసే రకమే. ఆ రకం డీజిల్ బండే మేం కొన్నాం. మారుతీ ఎస్-క్రాస్, 1,248 సీసీ ఇంజను, దానికి జోడుగా ఒక చిన్న మోటారు లాంటిది, కాస్త పెద్ద బ్యాటరీ. బ్రేకు వేసినప్పుడు వృథా పోయే శక్తిలో కొంత బ్యాటరీకి ఎక్కుతుంది. సిగ్నలు దగ్గర ఆగితే ఇంజను తనే ఆగిపోతుంది, క్లచ్ నొక్కగానే మళ్లీ లేస్తుంది.

ఆ బండి కథ ముందే సగం నడిచిపోయింది. 2015లో కేంద్రం ఫేమ్ పథకం పెట్టినప్పుడు ఈ మైల్డ్ హైబ్రిడ్ డీజిల్ బళ్లకి కూడా కొంత రాయితీ ఇచ్చారు. 2017 ఏప్రిల్‌లో తీసేశారు. అదే ఏడాది జులై 1న జీఎస్‌టీ వచ్చి హైబ్రిడ్‌లని సెస్సుతో కలిపి 43 శాతంలో పడేసింది. అప్పట్లో సియాజ్, ఎర్టిగా స్మార్ట్ హైబ్రిడ్ డీజిల్ బళ్ల ధర లక్ష దాకా పెరిగింది. తర్వాత 2018 అక్టోబరు 24న సుప్రీంకోర్టు, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-4 బండి దేశంలో అమ్మకూడదు, రిజిస్టరు చెయ్యకూడదు అంది. డీజిల్‌ని బీఎస్-6కి మార్చాలంటే ఖర్చు బాగా పెరుగుతుందని, చిన్న బళ్లు కొనేవాళ్లు అంత పెట్టరని, 2019 ఏప్రిల్‌లో మారుతీ వాళ్లు డీజిల్ కార్లే మానేస్తున్నామని ప్రకటించారు. అంటే 2020 మార్చి 31 దాటితే ఆ ఇంజను కొత్త బండిలో ఇక దొరకదు.

మరి అలాంటి బండి మేం ఎందుకు చూశాం? కారు మోజుతో కాదు. 2019 దసరా తర్వాత మా మావయ్యగారికి రెండు కిడ్నీలూ పనిచెయ్యడం లేదని తేలింది. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం డయాలసిస్. మొదట్నుంచీ చూసిన డాక్టరుగారు కాకినాడలో ఉండడంతో అక్కడే మొదలుపెట్టాం. మా కోనసీమకి రైలు లేదు. కోటిపల్లి నర్సాపురం రైలు మార్గం మంజూరై పాతికేళ్లు దాటింది, అమలాపురంలో ఇంకా రైలు కూత వినలేదు. బస్సులో వెళ్లడం మాట దేవుడెరుగు. నాలుగు గంటలు మిషను మీద ఉండి వచ్చిన మనిషి తల నిలబెట్టుకోలేరు. సీటు వెనక్కి వాల్చుకుని పడుకుని రావాలి. అద్దె కారే గతి.

అద్దె రాకపోకలకి రెండు వేలు. నెలకి ఎనిమిది, తొమ్మిది సార్లు. మూడు నెలలకే నా పుస్తకంలో యాభై వేలు దాటింది. పండగ రోజుల్లో డ్రైవర్లు దొరకరు. సంక్రాంతి వారంలో ఒకసారి పొద్దున్న నాలుగు గంటలకి వస్తానన్న అబ్బాయి ఏడింటికి వచ్చాడు. మావయ్యగారు అప్పటికి అరుగు మీద శాలువా కప్పుకుని మూడు గంటలు కూర్చున్నారు. ఒక్క మాట అనలేదు. ఆ రాత్రే నేను మా వారితో సొంత బండి మాటెత్తాను.

మా వారు రెండో జట్టు. "ఏప్రిల్ తర్వాత బీఎస్-6 పెట్రోలు బళ్లు వస్తాయి, రెండేళ్లు ఆగితే ఎలక్ట్రిక్‌లు వస్తాయి. ఆగిపోయే బండికి రేపు స్పేరు పార్టులు ఎవడిస్తాడు? అమ్ముదామంటే ఎవడు కొంటాడు?" అన్నారు. తీసిపారేసే మాటలు కావు. అత్తయ్యగారికి వేరే బెంగ, మా అమ్మాయి ఇంజనీరింగు ఫీజు. కానీ అందరికన్నా గట్టిగా వద్దన్నది మావయ్యగారే. "అమ్మాయ్, నా కోసం పది లక్షలు తగలెయ్యకండి. నేనెన్నాళ్లుంటానో డాక్టరుకే తెలీదు. నేను పోయాక ఆ వాయిదాలు కడుతూ నన్ను తిట్టుకుంటారు" అన్నారు. ఇంకాసేపాగి తనే నవ్వారు. "ఆగిపోయే బండి, ఆగిపోయే మనిషి. జోడీ మాత్రం బాగా కుదిరిందర్రా."

ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆయన దగ్గర నేను వాదించలేదు, లెక్క రాశాను. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. అద్దెకి నెలకి సుమారు 17,300. సొంత బండైతే ఆరు లక్షల అప్పు, ఐదేళ్లు, తొమ్మిది శాతం వడ్డీ, వాయిదా 12,455. లీటరుకి ఇరవై కిలోమీటర్లు ఇచ్చినా ఒక రాకపోకకి ఆరు లీటర్లు, అప్పటి డీజిల్ ధరకి నాలుగు వందల పైచిలుకు, నెలకి 3,700. రెండూ కలిపితే పదహారు వేల పైన. బీమా, సర్వీసింగు కలుపుకుంటే అద్దె కన్నా రెండు మూడు వేలు ఎక్కువే. పొదుపు అని నేను అబద్ధం చెప్పలేదు. "నెలకి మూడు వేలు ఎక్కువ పెడితే, ఎవరి కోసమూ చలిలో అరుగు మీద కూర్చోనక్కర్లేదు. ఐదేళ్లకి బండి మిగులుతుంది. అంతే" అన్నాను.

డీజిలే ఎందుకంటే, ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లు ఆస్పత్రికే తిరగాలి. పైగా మా దారిలో యానాం ఉంది. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి అక్కడ పన్ను తక్కువ, పెట్రోలు, డీజిలు మన కన్నా చౌక. కోనసీమలో బండి ఉన్న ప్రతివాడికీ యానాం బంకు తెలుసు. ఇక పార్టుల మాట. ఆ ఇంజను ఫియట్ వాళ్ల డిజైను. స్విఫ్ట్, డిజైర్, బ్రెజా, ఎర్టిగా, టాటా విస్టా, ఫియట్ పుంటో, అన్నిటిలోనూ దాని రకమే. ఊరూరా తిరిగే టాక్సీల్లో అదే. మోడలు ఆగిపోయినా మెకానిక్కులు ఆ ఇంజనుని మర్చిపోయే రోజు దగ్గర్లో రాదని నాకు అమలాపురం మెకానిక్కే చెప్పాడు. అదీకాక డీజిల్ బళ్లకి ఐదేళ్లు లేదా లక్ష కిలోమీటర్ల వారంటీ ఇస్తామని కంపెనీ 2019లోనే చెప్పింది. కొత్తగా వచ్చే బీఎస్-6 డీజిలు పాత బీఎస్-4 బండికి పడుతుందా అని మా వారు అడిగారు. నిక్షేపంలా పడుతుంది. అందులో గంధకం 50 పాళ్ల నుంచి 10 పాళ్లకి తగ్గుతుంది, అంతే.

డబ్బు మాట కూడా చెప్పాలి. నా చీటీ ఒకటి ఫిబ్రవరిలో పాడాను. రెండు దింపుల కొబ్బరి డబ్బు అంబాజీపేట నుంచి వచ్చింది. నా గాజులు నాలుగు బ్యాంకులో పెట్టాం. అమ్మాయి ఫీజు డబ్బు మాత్రం ముట్టుకోలేదు, అత్తయ్యగారికి ఆ మాట ముందే ఇచ్చాను. షోరూమువాడు పైరకం చూపిస్తే నేను పది లక్షల గీతకి ఇవతలే ఆగుతానన్నాను. అప్పట్లో మన రాష్ట్రంలో పది లక్షల లోపైతే లైఫ్ ట్యాక్సు 12 శాతం, దాటితే 14. దానికి తోడు పది లక్షలు దాటిన కారు మీద ఒక శాతం ఆదాయపు పన్ను ముందే వసూలు చేస్తారు. వెనక్కి వస్తుంది, కానీ చేతిలోంచి ముందు పోతుంది కదా. ఆఖరి స్టాకు కాబట్టి తగ్గింపు బాగానే ఇచ్చారు. నేను ఇంకో అరగంట కూర్చుని మ్యాట్‌లు, అడుగున తుప్పు పట్టకుండా వేసే పూత కూడా ఇప్పించుకున్నాను. సముద్రపు గాలి ఊరు మాది, ఆ పూత లేకపోతే ఇనుము ఏదీ బతకదు.

మార్చి 12న బండి ఇంటికొచ్చింది. ఇక్కడొక ముఖ్యమైన సంగతి. అలాంటి సమయంలో కొనడం సగం పనే. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా బండి మనది కాదు. మార్చి 31 దాటితే తాత్కాలిక నంబరున్న బీఎస్-4 బండిని ఏం చేసుకోవాలో ఎవరికీ తెలీదు. అందుకని నేను రోజూ మా వారి వెంటపడి, వారం తిరక్కుండా మార్చి 19న శాశ్వత నంబరు వేయించాను. ఏపీ 39 అని వచ్చింది. మావయ్యగారు నంబరు పలక చూసి, "ఏపీ 5 కదర్రా మనది?" అన్నారు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకటే వరస అని చెప్తే, "అయితే మన తూర్పుగోదావరి బండని ఎలా తెలుస్తుంది?" అని చాలాసేపు బాధపడ్డారు.

మూడు రోజుల తర్వాత, మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ రాత్రే రాష్ట్రంలో లాక్‌డౌన్ చెప్పారు, 24 అర్ధరాత్రి నుంచి దేశమంతా. అద్దె కార్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. డయాలసిస్ ఆగదు. మొదటి మంగళవారం ఆస్పత్రి కాగితాలు, అద్దానికి అంటించిన చీటీ పెట్టుకుని మా వారు, మావయ్యగారు వెళ్లారు. ఎదుర్లంక వంతెన దాటాక యానాం సరిహద్దులో ఆపి, కాగితాలు చూసి వదిలారు. సాయంత్రం ఆరింటికి బండి సందులోకి తిరిగిన చప్పుడు విన్నాక అత్తయ్యగారు, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా వీధి చివర ఇంకో ఇంట్లో కూడా డయాలసిస్ మనిషి ఉన్నారు. రెండో వారం నుంచి ఆయన్నీ మా బండిలోనే ఎక్కించుకున్నాం. ఆ రెండు నెలల్లో ఆ బండి లేకపోతే ఏమయ్యేదో నేను ఊహించుకోను.

మార్చి నెలాఖరున నంబరు రాక ఆగిపోయిన బళ్లవాళ్ల కష్టం వేరే. ఆ కేసు నెలల తరబడి సుప్రీంకోర్టులో నడిచింది. జులై 31న రిజిస్ట్రేషన్లు ఆపమన్నారు. ఆగస్టు 13న, మార్చి 31 లోపు అమ్మి ఈ-వాహన్ పోర్టల్లో ఎక్కించిన వాటికి, ఢిల్లీ ప్రాంతం మినహాయించి, నంబరు ఇవ్వవచ్చన్నారు. ఐదు నెలలు ఇంటి ముందు పెట్టుకుని కదపలేని బండి ఊహించుకోండి. చివరి తేదీ 31 అయితే మనం 15నే చివరి తేదీ అనుకోవాలి. పెళ్లి ముహూర్తానికి పెళ్లికొడుకు గంట ముందు వస్తే చాలదు కదా.

ఆ ఏడాది చివర్లో నేను డ్రైవింగు నేర్చుకున్నాను, నలభై ఆరేళ్లకి. మా వారు వారానికి రెండు రోజులు కొబ్బరి పని వదులుకుంటే ఇల్లు నడవదు. కాలవ గట్టు మీద, ఎదురుగా గడ్డి మోపుల ట్రాక్టరు వస్తే ఎటు తప్పుకోవాలో తెలియక మొదట్లో చెమటలు పట్టేవి. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేపల చెరువు. "గట్టు గట్టిదే, నువ్వు మెల్లిగా పోనియ్" అనేవారు మావయ్యగారు పక్క సీట్లోంచి. అమలాపురంలో లైసెన్సు పరీక్షకి వెళ్తే ఆ రోజు వచ్చినవాళ్లలో పెద్దదాన్ని నేనే. 2021 సంక్రాంతి దాటాక శుక్రవారాలు నావి.

ఆ శుక్రవారాల గురించి ఎంతైనా రాయొచ్చు. పాతికేళ్లు ఒకే ఇంట్లో ఉన్నా మావయ్యగారూ నేనూ అంతసేపు మాట్లాడుకున్నది లేదు. ఆయన వరండాలో, నేను వంటింట్లో. బండిలో మాత్రం వెళ్లేటప్పుడు గంటన్నర మాటలే. వచ్చేటప్పుడు ఆయన పడుకునేవారు. యానాంలో రద్దీకి బండి ఆపి న్యూట్రల్ చేస్తే ఇంజను ఆగిపోయేది. మొదటిసారి ఆయన ఉలిక్కిపడి, "అమ్మాయ్, ఆగిపోయింది! దిగి తొయ్యాలా?" అన్నారు. క్లచ్ నొక్కగానే లేచింది. అప్పట్నుంచి అది ఆగినప్పుడల్లా, "ఊపిరి పీల్చుకుంటోంది, పీల్చుకోనియ్" అనేవారు.

గౌతమి మీద వంతెన వచ్చేసరికి ఆయన మాట తప్పకుండా పాత రోజుల్లోకి వెళ్లేది. ఈ వంతెన 2002లో తెరిచారు. లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన జీఎంసీ బాలయోగి గారి పేరు పెట్టారు, ఆయన అదే ఏడాది మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. అంతకుముందు ఎదుర్లంక రేవు నుంచి యానాం వైపుకి పంటు మీద దాటేవారు. పొద్దు గూకితే పంటు ఉండదు. మావయ్యగారి అమ్మగారికి నొప్పి వచ్చిన ఒక రాత్రి అలా రేవులోనే తెల్లారిందట. ఆవిడ అవతలి ఒడ్డుకి చేరలేదు. ఆ మాట ఆయన నాకు బండిలోనే చెప్పారు, వంతెన మధ్యలో. అత్తయ్యగారికి కూడా వివరంగా ఎప్పుడూ చెప్పలేదట. 1996 నవంబరు 6 తుపాను మాటలు కూడా అలాగే వచ్చేవి. మా మండలంలోనే బలుసుతిప్ప లాంటి ఊళ్లు ఏమైపోయాయో, పడిపోయిన కొబ్బరిచెట్ల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్లి చూసి వచ్చిన మనిషి ఆయన.

ఆయనకి కొబ్బరినీళ్లు నిషేధం. అందులో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు లేనివాళ్లకి ప్రమాదం. కొబ్బరితోట సొంతదారు బొండం ముట్టుకోకూడదంటే ఎలా ఉంటుందో చూడండి. ఎదుర్లంక దాటాక రోడ్డు పక్కన బొండాలు కొట్టేవాడు కనపడితే తల అటు తిప్పుకునేవారు. నేనూ ఆయన ఎదుట తాగడం మానేశాను.

2023 ఏప్రిల్‌లో ఆయన వెళ్లిపోయారు. ఒక సోమవారం రాత్రి, నిద్రలో. మర్నాటి ప్రయాణానికి ఫైలు, నీళ్ల సీసా, దుప్పటి బండిలో పెట్టే ఉంచాను. ఆ మూడేళ్లలో మూడొందలకి పైగా ప్రయాణాలు, ముప్పై ఎనిమిది వేల కిలోమీటర్ల పైచిలుకు. వాయిదాలు ఇంకా దాదాపు రెండేళ్లు మిగిలాయి. కడుతూ ఆయన్ని తిట్టుకుంటామన్నారు కదా. ప్రతి నెలా ఐదో తారీఖున డబ్బు పోయిన మెసేజీ వస్తే అత్తయ్యగారు "మావయ్యగారి వాయిదా కట్టావా?" అని అడిగేవారు. ఆఖరిది 2025 మార్చిలో కట్టాం. గాజులు అంతకుముందే విడిపించుకున్నాను.

ఇక ఆగిపోయిన బండి ఐదేళ్లలో ఎలా ఉంది అన్న ప్రశ్న. ఎస్-క్రాస్ పేరే 2022లో పోయింది, గ్రాండ్ విటారా వచ్చింది. మాకు పార్టుకి ఇబ్బంది రాలేదు. బ్యాటరీ ఒకసారి మార్చాం, మామూలు కారు బ్యాటరీ కన్నా ఖరీదు, వెయ్యి రెండు వేలు కాదు కాబట్టి ముందే అనుకుని ఉండాలి. క్లచ్ ప్లేటు ఒకసారి. ఎలకలు వైర్లు రెండుసార్లు కొరికాయి. కొబ్బరికాయల కొట్టు పక్కన బండి పెడితే అంతే, ఇప్పుడు బానెట్‌లో పొగాకు కాడలు కట్టి పెడుతున్నాం. కొబ్బరిచెట్టు కింద మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. కోనసీమలో కారు కొనేముందు షెడ్డుకి చోటు చూసుకోవాలి. కాయ పడితే అద్దానికి బీమావాడు ఇస్తాడేమో, లోపల మనిషుంటే ఎవరిస్తారు? లీటరుకి ఇరవై, ఇరవై ఒకటి ఇస్తోంది. అమ్మితే రేటు తక్కువే వస్తుంది, మా వారు ఆ రోజు అన్నది నిజమే. మేం అమ్మడానికి కొనలేదు.

మా పిల్లకి నేను చెప్పినవి మూడే ముక్కలు. ఒకటి, రేపు ఇది దొరకదన్న భయం పక్కన పెట్టి, రేపు ఇది ఉంటే నీ ఇంట్లో ఏ పని జరుగుతుందో రాసుకో. ఆ పని కనపడకపోతే ఎంత తగ్గించినా వద్దు. దానికి ఆఫీసు పద్దెనిమిది మైళ్లు, రానూపోనూ ముప్పై ఆరు. ఇంట్లో గరాజు, గోడకి ప్లగ్గు ఉన్నాయి. రాత్రి ఛార్జింగు పెడితే పెట్రోలు లేకుండా వెళ్లి రావచ్చు. పని కనపడింది. అదే అపార్టుమెంటులో రోడ్డు మీద బండి పెట్టుకునే మనిషైతే ప్లగ్-ఇన్ కొని ప్లగ్గు లేక, బరువు మోస్తూ పెట్రోలు మీదే తిరగాలి.

రెండు, ఆ ఇంజను, ఆ బ్యాటరీ వేరే ఎన్ని బళ్లలో ఉన్నాయో చూసుకో. వాళ్ల ఎస్కేప్ యూరప్‌లో కూగా పేరుతో నడుస్తోంది, కాబట్టి ఒంటరి బండి కాదు. ఒక్క మోడల్లోనే ఉండి ఆగిపోయేదైతే నేను వద్దనేదాన్ని.

మూడు, రాయితీ సంగతి. ఆ 7,500 అన్ని బళ్లకీ రాదు. ఎక్కడ తయారైంది, బ్యాటరీ ఎక్కడిది అని సవాలక్ష షరతులు. వస్తుందని సేల్సు అబ్బాయి అన్నాడని లెక్కలో కలపకు. రాకపోయినా ఈ బండి కొంటావా అని నిన్ను నువ్వు అడుగు. ఆ మాటకొస్తే ఇక్కడా అంతే. మొన్న సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్‌టీ 18 శాతానికి తగ్గింది. పన్నులు పెరుగుతాయి, తగ్గుతాయి. పన్ను కోసం కొన్న బండి వాయిదాలప్పుడు బరువుగా ఉంటుంది.

అది రాయితీ లేకుండానే లెక్క వేసుకుని సెప్టెంబరు రెండో వారంలో కొనుక్కుంది. ఆఖరి వారం దాకా ఆగలేదు, ఆ ఒక్క విషయంలో పెద్దమ్మ మాట విన్నందుకు నాకు సంతోషం.

మా బండి రిజిస్ట్రేషను 2035 దాకా ఉంది. ఇప్పుడు అరవై ఒక్క వేల కిలోమీటర్లు. వీధి చివరి ఆయన్ని ఇప్పటికీ శుక్రవారాలు నేనే కాకినాడ తీసుకెళ్తున్నాను, డీజిలు డబ్బు ఆయన కొడుకు ఇస్తాడు, యానాం రేటుకి. వచ్చే వారం అత్తయ్యగారికి కంట్లో శుక్లం చూపించాలి. ముందు సీట్లో కూర్చోనంటున్నారు, అది మావయ్యగారిదట. వెనక కూర్చుంటే ఆవిడకి కడుపులో తిప్పుతుంది. నిమ్మకాయ ఒకటి, ఉప్పు పొట్లం పెట్టుకుని బయల్దేరతాం.